గోడ దిక్కు కూర్చున్న విజయరాణి

రెండు చేతులతో నాలుగు పనులు చేసే ఆడవాళ్లు లోకంలో కొల్లలు. విజయరాణి ఐదో పని గురించి ఆలోచిస్తూ ఆ నాలుగూ చేసేది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒళ్లో చీర పరుచుకుని అంచుకు మెరుపు రాళ్లు అంటించేది. రాళ్లు అంటిస్తూ కూతురు సంధ్య చేత పాఠం చదివించుకునేది. పాఠం వింటూనే, నల్లా నీళ్లు ఇంకా రాలేదేమిటని కిటికీ వైపు ఒక చెవి పడేసి ఉంచేది. పరాయి రాష్ట్రపు డిండోలిలో వాళ్లుండే గల్లీ నిండా కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబాలే. పని చేసే చేతిని చూస్తే వాళ్లకు ముచ్చట. "కమలాకర్ పెండ్లాం మనిషి కాదమ్మా, మిషను" అనుకునేవారు. ఆ మాటకు విజయరాణి మురిసిపోయేది. మిషన్‌కైనా అప్పుడప్పుడు ఆపి నూనె పోస్తారన్న సంగతి అప్పట్లో ఆమెకు తట్టలేదు.

ఇంతలో కరోనా వచ్చింది, లాక్‌డౌన్ పడింది. మగ్గాలు ఆగిపోయాయి. గల్లీలో సగం మంది దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. సలాబత్‌పురా బట్టల బజారు నుంచి వచ్చే చీరల కట్టలు రావడం మానేశాయి. పని తగ్గిందే గానీ విజయరాణి పరుగు తగ్గలేదు. తగ్గకపోగా ముదిరింది. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. ఆ గదిలో మంచం మీద భర్త కమలాకర్, గుమ్మం దగ్గర అత్త బుచ్చవ్వ, మూలన ఫోను పట్టుకుని క్లాసు వింటూ సంధ్య. మగ్గాల హోరులో ఇరవై ఏళ్లు నిలబడ్డ మనిషికి చెవులు ఎంత మిగిలి ఉంటాయి? కమలాకర్ టీవీ పెట్టాడంటే గల్లీ చివర ఉన్నవాళ్లకు కూడా వార్తలు తెలిసేవి. టీవీ మీద గెలవాలని సంధ్య టీచరమ్మ అరిచేది, టీచరమ్మ మీద గెలవాలని కుక్కరు కూసేది. బుచ్చవ్వ మాత్రం గుమ్మంలో కూర్చుని, ఎవరికి దగ్గు వచ్చిందో ఎవరికి తుమ్ము వచ్చిందో నిమ్మకు నీరెత్తినట్టు చెబుతుండేది.

అత్త మీది కోపం దుత్త మీద చూపించడమని సామెత. విజయరాణి ఇంట్లో దుత్త లేదు. ఒకనాటి మధ్యాహ్నం ఆ దెబ్బ సంధ్య చెంప మీద పడింది. పిల్ల చేసిన నేరమల్లా, చార్జర్ ఎక్కడుందని రెండోసారి అడగడం. పిల్ల ఏడవలేదు. వేడి గిన్నె నుంచి జరిగినట్టు కాస్త పక్కకు జరిగింది. అది చూసి విజయరాణికి ప్రాణం చచ్చిపోయింది. తన పిల్ల తనకు భయపడి జరగడమా? ఆ సాయంత్రం నుంచి గుండె దడ పట్టుకుంది. మెట్లెక్కినట్టు, ఎవరో వెంటపడి తరిమినట్టు, కూర్చున్నచోటే గుండె కొట్టుకునేది. ఆ రోగమే వచ్చిందనుకుని వీధి చివర దవాఖానకు పోతే, ప్లాస్టిక్ తెర వెనకనుంచి డాక్టరు చూసి, ఏమీ లేదు, టెన్షన్, రెస్ట్ తీసుకొమ్మన్నాడు. రెస్ట్ ఏ దుకాణంలో అమ్ముతారో చీటీ మీద రాయలేదు.

అది దొరికిన చోటు వేరే ఉంది. అదే గల్లీలో అంబదాస్ అనే పెద్దాయన మగ్గాల కుర్రాళ్లకు మెస్సు నడిపేవాడు. సోలాపూర్ పద్మశాలి. వయసులో మగ్గం మీద విసుగెత్తి ఇల్లు వదిలి, తిరిగి తిరిగి గయలో జపాన్ వాళ్ల గుడి ఒకదానిలో వంటమనిషిగా కుదిరి, కొన్నేళ్లు అక్కడే ఉండి, ఆ తర్వాత ఇక్కడికి చేరాడు. లాక్‌డౌన్‌లో మెస్సు మూతపడ్డా, ఊరికి పోలేక చిక్కుకున్న కుర్రాళ్లకు ఆయన రోజూ కిచిడీ వండేవాడు. గల్లీ ఆడవాళ్లు వంతులవారీగా పోయి కూరగాయలు తరిగిపెట్టేవారు. ఆయన గిన్నె తోముతుంటే చూడాలి, చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు తోమేవాడు.

తన వంతు వచ్చిన రోజు విజయరాణి ఉల్లిగడ్డలతోపాటు వేలు కూడా కోసుకుంది. అంబదాస్ పసుపు తెచ్చి అద్ది, నెమ్మదిగా అడిగాడు.

"గడ్డ కోసేటప్పుడు ఏడున్నవ్ బిడ్డా?"

"ఈడనే ఉన్న గద కాకా."

"చెయ్యి ఈడుంది. నువ్వు ఏడున్నవ్ అంటున్న."

విజయరాణి నిజం చెప్పింది. "నల్లా కాడ. నీళ్లు ఒస్తున్నయేమో అని."

"మరి నల్లా కాడ ఉన్నప్పుడు?"

"పొయ్యి కాడ."

"పొయ్యి కాడ ఉన్నప్పుడు?"

విజయరాణికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. చెంపదెబ్బ సంగతి, గుండె దడ సంగతి అన్నీ చెప్పేసింది. అంబదాస్ ఓదార్చలేదు. పొద్దున ఇల్లు లేవకముందు బొంత మడతేసుకుని, గోడకు ఎదురుగా కూర్చోమన్నాడు. నడుము నిటారుగా పెట్టి, కళ్లు సగం మూసి, బయటికి పోయే దమ్మును, అంటే ఊపిరిని, ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టాలి. గుడిలో వాళ్లు దాన్ని జెన్ అనేవారట.

"పది దాంక పోతె ఏమొస్తది కాకా?"

"మళ్ల ఒకటి ఒస్తది."

"దేవుని ఫొటో దిక్కు కూసుంట గని, గోడ దిక్కేంది?"

"దేవుని దిక్కు కూసుంటె ఏదో ఒకటి అడుగుతనే ఉంటవ్. గోడను ఏం అడుగుతవ్?"

ఆ మాట విజయరాణికి నచ్చింది. మర్నాడు చీకటితోనే లేచి కూర్చుంది. మూడు దాకా వచ్చేసరికి గ్యాసు బండ గుర్తొచ్చింది. మళ్లీ మొదలుపెడితే, రెండు దగ్గరే బియ్యం డబ్బా అడ్డమొచ్చింది. వారం తిరక్కుండానే ఆయన దగ్గరికి పోయి చేతులెత్తేసింది.

"లెక్క తప్పుతనే ఉన్నది కాకా. నాతోని కాదు."

"మగ్గం మీద పోగు తెగితె ఏం జేస్తరే?"

"ముడేసి మళ్ల షురూ జేస్తరు."

"పోగును తిడుతరా?"

"తిడితె అతుకుతదా?"

"మరి నిన్నెందుకు తిట్టుకుంటున్నవ్?"

చిన్నప్పుడు కోరుట్లలో తండ్రి మగ్గం పక్కన నూలు కండెలు చుట్టిన పిల్లకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. లెక్క తెగినప్పుడల్లా ముడేసి ఒకటి నుంచి ఎత్తుకోవడమే. తెగడం తప్పు కాదు, మగ్గం అన్నాక తెగుతుంది.

అలాగని ఆమె తల చుట్టూ వెలుగేమీ రాలేదు. పప్పు మాడటం మాత్రం తగ్గింది. గిన్నె తోముతున్నప్పుడు గిన్నే తోమేది, చీరలు మళ్లీ రావడం మొదలయ్యాక రాయి అంటిస్తున్నప్పుడు ఆ ఒక్క రాయే అంటించేది. విచిత్రంగా కట్ట తొందరగానే తేలేది. గుండె దడ ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు. వానలు పడుతున్న ఒక సాయంత్రం సంధ్య తన స్నేహితురాలి గొడవ ఏదో మొదటినుంచి చివరిదాకా చెప్పి, తల్లి ముఖం వైపు చూసి, "మమ్మీ, ఆజ్‌కల్ నువ్వు నా మాట పూరా వింటున్నవ్" అంది. అని ఒళ్లో తల పెట్టుకుంది. విజయరాణి ఆ పూట ఇంకేమీ కోరుకోలేదు.

ఇల్లు ఇలా కుదుటపడుతున్న వేళ అసలు గొడవ బుచ్చవ్వ దగ్గర మొదలైంది.

తెల్లవారి లేచి చూస్తే కోడలు ఇంటికి వీపు పెట్టి, గోడకు ముఖం పెట్టి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంటుంది. వాళ్ల వైపు ఆడమనిషి గోడ దిక్కు తిరిగి కూర్చుందంటే దానికి రెండో అర్థం లేదు. అలిగింది. అలిగిన మనిషిని ఎవరో ఒకరు అడగాలి, బతిమాలాలి, అవసరమైతే కులపెద్దను పిలిచి తీర్చాలి. అది పద్ధతి. బుచ్చవ్వ ముందు కొడుకును నిలేసింది. మగ్గాలు మళ్లీ నడవడంతో అలిసి పడుకున్న కమలాకర్ ఉలిక్కిపడి లేచాడు.

"ఏమన్నవ్‌రా దాన్ని?"

"నేనేమంటనే అవ్వా! నా మాట ఎప్పుడిన్నదని అనాలె?"

అన్నాడే గానీ వాడికీ అనుమానం పట్టుకుంది. మర్నాడు పని నుంచి వస్తూ పొట్లంలో వేడి వేడి శనగపిండి లోచో తెచ్చాడు, పైన సేవ్ ఎక్కువ వేయించి మరీ. విజయరాణి లొట్టలేసుకుంటూ తిన్నది. తెల్లవారగానే మళ్లీ గోడ దిక్కు కూర్చుంది. లోచోకు కూడా లొంగని కోపమంటే మామూలు కోపం కాదని తల్లీకొడుకులు బెంబేలెత్తారు.

"నాకేం కోపం లేదు అత్తమ్మా. దమ్ము లెక్కవెడుతున్న, గంతె" అని విజయరాణి ఎన్నిసార్లు చెప్పిందో.

"ఈ రోగాల దినాలల్ల దమ్ము లెక్కవెట్టుడు గూడ ఒక పనేనాయె! ఉన్న సంగతి జెప్పు."

"ఉన్న సంగతి గదే."

బుచ్చవ్వ నమ్మలేదు. నమ్మకపోగా, కోడలు నోరు విప్పేదాకా తను అన్నం ముట్టనని కూర్చుంది. అలగని కోడలిని బతిమాలలేక అత్తే అలిగిందన్నమాట. చాయ్ మాత్రం తాగేది. అందులో రెండు టోస్టులు ముంచుకునేది. అయినా అన్నం ముట్టలేదన్న మాట గల్లీ అంతా తిరిగింది. చిలికి చిలికి గాలివానై, చివరికి కులపెద్ద రాజనర్సును పిలవాలని, ఆయన వల్ల కూడా తేలకపోతే కోరుట్ల నుంచి విజయరాణి అన్నను రప్పించి ఆమెను కొన్నాళ్లు పుట్టింటికి పంపాలని అనుకున్నారు. కమలాకర్‌కు అది మంచి ఉపాయంగానే తోచింది. "జర గాలి మారుతది" అన్నాడు.

విజయరాణికి మాత్రం కాళ్ల కింద నేల కదిలింది. అన్నల ఇంట్లో ఇద్దరు వదినలు, అరడజను మంది పిల్లలు. అక్కడ కూర్చోవడానికి గోడ కాదు కదా, నిలబడటానికి మూల దొరకదు. తను పోతే సంధ్య ఇక్కడ ఎవరికి చెప్పుకుంటుంది? పొద్దుటి ఆ కాసేపు పోయిందంటే ఆ దడ తిరిగొస్తుంది. దడ వెనకాల ఆ చెయ్యి తిరిగొస్తుంది, పిల్ల చెంప మీదికి లేచిన చెయ్యి.

పంచాయితీ సెలవు రోజు పెట్టుకున్నారు. రాజనర్సు మాస్కు గడ్డం కిందికి లాక్కుని, దూరం పాటించాలి కదా అని కుర్చీ గుమ్మంలో వేయించుకున్నాడు. దూరం పాటించాల్సిన మిగతా జనం ఆయన వెనక మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డారు. సంధ్యను పక్కింటికి పొమ్మన్నారు. ఆ పిల్ల తలుపు చాటు దాకా పోయి ఆగింది.

"తాగొచ్చి కొట్టిండా?" అని మొదలుపెట్టాడు రాజనర్సు.

"లేదు మామా."

"అత్త ఏమన్న అన్నదా?"

"రోజు అనేదే అన్నది. కొత్తగ ఏమనలే."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. రాజనర్సు అంబదాస్‌ను ముందుకు రమ్మన్నాడు.

"నువ్వేం మంత్రం నేర్పినవయ్యా ఈ పిల్లకు?"

"మంత్రమేం లేదు. కూసొమ్మన్న."

"కూసునుడు నేర్సుకునేతందుకు గయ దాంక పోయినవా?"

"నేను పోయింది పని దొరుకుతదని."

రాజనర్సు తల గోక్కున్నాడు. దొంగతనమైతే తీర్పు చెప్పొచ్చు, కొట్లాటైతే చెప్పొచ్చు. కూర్చోవడానికి ఏం తీర్పు చెబుతాడు? అయినా పెద్దమనిషి పెద్దరికం ఉంది కదా, మధ్యేమార్గం కనిపెట్టాడు.

"సరే బిడ్డా. కోపం లేదంటున్నవ్. కూసో, వద్దంటలేను. గని మొఖం ఇటు తిప్పి కూసో. మీ అత్త పానం నిమ్మలమైతది."

విజయరాణి ఆలోచించి చూసింది. ఒప్పుకుంటే గొడవ వదిలిపోతుంది. కానీ అబద్ధం చెప్పలేకపోయింది.

"ఇటు తిరిగితె గిన్నెలు కనవడుతయ్ మామా."

ఈసారి మెట్ల మీది ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఒకామె "నిజమే, నిజమే" అంది. రాజనర్సుకు చిన్నతనమైంది. పెద్దమనిషి మాటకు నవ్వుతారా? కుర్చీలోంచి లేవబోతూ, "అట్లయితె వీళ్లన్నకు ఫోన్ కొట్టు కమలాకర్. వచ్చి తోల్కపోతడు" అన్నాడు.

కమలాకర్ జేబులోంచి ఫోను తీశాడు. విజయరాణి గుండె మళ్లీ దడదడమంది. అప్పుడు, అంతదాకా మూల కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్న బుచ్చవ్వ ఒక్కసారిగా అరిచింది.

"ఎందుకు తోల్కపోతడు? పంపుమని నేనన్ననా? దాన్ని అడుగుమన్న! కూసోవెట్టి అడుగుమన్న!"

"అడిగినం గదనే అక్కా" అన్నాడు రాజనర్సు బిత్తరపోయి. "కోపం లేదంటున్నది. నీకెందుకింత రంధి?"

బుచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. మాట్లాడినప్పుడు ఆ గొంతు గుమ్మంలో కూర్చుని గల్లీ కబుర్లు చెప్పే బుచ్చవ్వది కాదు.

"నేను గూడ గోడ దిక్కు కూసున్న తమ్మీ. మెట్‌పల్లిల. వీడు ఇంక పుట్టలే. నా పెద్దబిడ్డ పసిరికల రోగమొచ్చి సచ్చిపోయినంక. ఇంటినిండ మనుషులున్నరు. ఒక్కలన్న ఏమైందే అని అడుగలే. బువ్వ తిన్నవా అని అడుగలే. అదే సల్లవడుతది తియ్యి అన్నరు. రెండుసార్లు బాయి కాడికి పోయొచ్చిన. పోయొచ్చిన సంగతి గూడ ఎవ్వలు అడుగలే."

బుచ్చవ్వ కోడలి వైపు చెయ్యి చూపించింది.

"ఇది గోడ దిక్కు కూసుంటె నా పానం గుంజింది. నా ఇంట్ల అడిగెటోళ్లు లేరనిపిచ్చుకోవద్దు అనుకున్న. గంతె."

కమలాకర్ చేతిలోని ఫోను అలాగే ఉంది. నలభై ఏళ్లు దాటిన మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు.

"నాకు అక్క ఉండెనా అవ్వా?"

బుచ్చవ్వ తల ఊపింది.

పాత విజయరాణి అయితే ఈపాటికి లేచేది. అత్తకు నీళ్లు తెచ్చేది, రాజనర్సుకు రెండో చాయ్ పెట్టేది, పొయ్యి మీద కుక్కరు చూసుకునేది, ఊరుకో అత్తమ్మా ఊరుకో అని నాలుగు మాటలు అంటూనే ఆ నాలుగు పనులూ చేసేది. ఈ విజయరాణి లేవలేదు. జరిగి జరిగి అత్తకు ఎదురుగా కూర్చుంది. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో ఈ ముసలావిడ ముఖాన్ని ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదని ఆమెకు అనిపించింది, సిగ్గేసింది.

"ఏం పేరు అత్తమ్మా, పిల్లది?"

బుచ్చవ్వ ఆ పేరు ఎన్నేళ్లనుంచో నోటితో పలకలేదు. పలికితే ఏడుస్తుందని ఇంట్లోవాళ్లు పేరెత్తడమే మానేశారు. వాళ్లు మానేశారని ఆమె కూడా మానేసింది.

"వినోద" అంది.

ఇక ఆగలేదు. వినోద కండెలు లంగాలో పోసుకుని వాళ్ల నాయన మగ్గం దగ్గరికి ఉరికేదని, సగం దారిలోనే పడేసేదని, పడేసి తనే కోప్పడేదని చెప్పింది. జొన్నరొట్టె అంచు తినేది కాదని, మధ్యలోది మాత్రమే తినేదని చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఒకచోట నవ్వింది కూడా. విజయరాణి వింటూ కూర్చుంది. మధ్యలో మనసు ఒకసారి ఎక్కడికో పోబోయింది, తెగిన పోగును అతికినట్టు వెనక్కి తెచ్చుకుంది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆమె కదల్లేదు. రెండోసారి కూస్తే కమలాకరే లేచి పోయి, ఏది తిప్పాలో వెతుక్కుని, పొయ్యి ఆపి వచ్చాడు. ఆ ఇంట్లో అది జరగడం అదే మొదటిసారి. తలుపు చాటునుంచి సంధ్య వచ్చి నాయనమ్మను ఆనుకుని కూర్చుంది.

రాజనర్సు తీర్పు సంగతి మర్చిపోయాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, మాస్కు ముక్కు మీదికి లాక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కోరుట్లకు ఫోను ఎవరూ చేయలేదు. మధ్యాహ్నం బుచ్చవ్వ కడుపునిండా అన్నం తిని, పప్పులో ఉప్పు తక్కువైందని కూడా అంది.

మర్నాడు చీకటితోనే విజయరాణి బొంత మడతేసుకుని గోడకు ఎదురుగా కూర్చుంది. కమలాకర్, సంధ్య ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఒకటి అనుకోబోతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"బిడ్డా."

"ఆఁ, అత్తమ్మా."

"ఏం బాధ లేదు గద?"

"లేదే."

"అయితె కూసో. అడుగాలె గదా అని అడిగిన."

విజయరాణి కళ్లు సగం మూసి మళ్లీ తెరిచింది. ముఖం తిప్పకుండానే అడిగింది.

"నీకున్నదా అత్తమ్మా?"

వెనక గాజుల చప్పుడు, మోకాళ్లు పట్టుకుని లేచే చప్పుడు, దుప్పటి ఈడ్చిన చప్పుడు వరసగా వినపడ్డాయి.

"ఉన్నది బిడ్డా" అంటూ బుచ్చవ్వ వచ్చి, కోడలి పక్కన దుప్పటి వేసుకుని, గోడ దిక్కు తిరిగి కూర్చుంది. ఈసారి ఆమె పక్కన మనిషి ఉంది.